ఉల్లి చేసే మేలు... ఎంతవరకు?

పోయిన నెల్లో ఓ రోజు పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది, తెనాలి నుంచి.

"ఒరేయ్, మీ బాబాయికి ఉల్లిపాయ రసం రోజుకెన్నిసార్లు ఇవ్వాలిరా?"

నాకేమీ అర్థం కాలేదు. బాబాయికి పెద్దపేగు క్యాన్సర్. నాలుగు నెలల కిందట ఆపరేషనయింది. ఇప్పుడు కీమో నడుస్తోంది. ఇంకా నాలుగు సైకిల్స్ మిగిలున్నాయి. మధ్యలో ఈ ఉల్లి రసం ఎక్కణ్నుంచి వచ్చింది?

"డాక్టరు చెప్పారా పిన్నీ?"

"డాక్టరెందుకు చెబుతాడు? మీ పేపర్లోనే వేశారుగా! 'ఉల్లితో క్యాన్సర్‌కు కళ్లెం' అని. కత్తిరించి క్యాలెండరు వెనకాల పెట్టుకున్నా. పెద్దపేగు క్యాన్సర్ కణాలు ఉల్లిలో ఉండే మందుకి చచ్చిపోతాయంట. కీమో ఎక్కించుకొచ్చినప్పుడల్లా వారం రోజులు ముద్ద దిగట్లేదురా ఆయనకి. చూడలేకపోతున్నా. ఇదేదో పనిచేస్తే ఆ మిగిలిన నాలుగూ మానిపిద్దామని..."

గుండె గుభేలుమంది. ఆ వార్త నాకు గుర్తుంది. ఎనిమిదే ఎనిమిది లైన్లు. పేజీలో చివర కాస్త ఖాళీ మిగిలితే నింపడానికి వేసింది. కింద ఎవరి పేరూ ఉండదు. కానీ రాసింది నేనే.

"పిన్నీ, ఆదివారం వస్తున్నా. అప్పటిదాకా ఏదీ మానిపించొద్దు, ఏదీ మొదలెట్టొద్దు" అని ఫోన్ పెట్టేశాను. ఆ వారమంతా నేను చదివిందీ, ఆ ఆదివారం తెనాలిలో బాబాయికి చెప్పిందీ ఇదిగో... ఇప్పుడు మీకూ చెబుతున్నా. ఎందుకంటే ఆ ముక్క ఒక్క మా పిన్ని క్యాలెండరు వెనకాలే ఉందని నేననుకోవడం లేదు.

రంగుల వెనక రసాయనం

ఉల్లిపొరలో ఆ ఎరుపు, నేరేడు పండుకి ఆ నలుపు, వంకాయ తొక్కకి ఆ ఊదా... ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన రసాయనాల పని. ఆ కుటుంబం పేరు ఫ్లేవనాయిడ్లు. లాటిన్‌లో 'ఫ్లేవస్' అంటే పసుపుపచ్చ. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుకోవడానికి, పురుగుల్నీ బూజునూ తట్టుకోవడానికి, తేనెటీగల్ని పిలవడానికి మొక్కలు వీటిని తయారు చేసుకుంటాయి. ఇప్పటిదాకా గుర్తించినవే వేలల్లో ఉన్నాయి.

ఉల్లిలో ఎక్కువగా ఉండేది క్వెర్సెటిన్. గడ్డ లోపలికన్నా పై పొరల్లోనే అది దండిగా ఉంటుంది. మునగాకులో క్వెర్సెటిన్‌తో పాటు కెంఫెరాల్ ఉంటుంది. తేయాకులో క్యాటెచిన్లు, సోయాలో జెనిస్టీన్, బత్తాయి, నారింజ జాతి పండ్లలో హెస్పెరిడిన్, నారింజెనిన్. ఆ చివరి పేరు వింటే మన నారింజే గుర్తొస్తుంది కదూ! రెండూ పుట్టింది సంస్కృతంలోని నారంగం నుంచే.

వీటి కథ మొదలై దాదాపు తొంభై ఏళ్లయింది. విటమిన్ సి పరిశోధనకు పేరుపడ్డ హంగేరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ, నిమ్మ, మిరప జాతుల నుంచి తీసిన ఫ్లేవనాయిడ్లు సన్నటి రక్తనాళాల్ని గట్టిపరుస్తున్నాయని 1936లో ప్రకటించాడు. వాటికి 'విటమిన్ పి' అని పేరు కూడా పెట్టాడు. మరుసటి ఏడాదే ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, ఇతర పరిశోధనలకు. కానీ విటమిన్ పి మాత్రం నిలబడలేదు. ఫలానా ఫ్లేవనాయిడ్ లోపిస్తే ఫలానా జబ్బు వస్తుందని ఎవరూ చూపలేకపోయారు. విటమిన్ అనిపించుకోవాలంటే అది తప్పనిసరి. దాంతో 1950 ప్రాంతానికి ఆ పేరు తీసేశారు.

ఫ్లేవనాయిడ్ల విషయంలో ఆశ ముందు పరుగెత్తడం, రుజువు వెనకబడటం కొత్తేమీ కాదన్నమాట!

గాజు గిన్నెలో ఏం జరిగింది?

ఇక నా ఎనిమిది లైన్ల దగ్గరికొద్దాం. అందులో అబద్ధం లేదు. ఉల్లిలోని క్వెర్సెటిన్ పెద్దపేగు క్యాన్సర్ కణాలను చంపడం నిజమే. ఒక్కచోట కాదు, ఎన్నో దేశాల ప్రయోగశాలల్లో చూశారు.

ఆ కణాలెక్కడివి? 1964లో 44 ఏళ్ల మహిళ పెద్దపేగు కణితి నుంచి తీసిన కణాలను పరిశోధకులు గాజుపాత్రల్లో పెంచడం మొదలుపెట్టారు. వాటి పేరు హెచ్‌టీ-29. అలాగే 72 ఏళ్ల మగమనిషి కణితి నుంచి వచ్చినవి కాకో-2. పాలలో తోడు వేసినట్టు కాస్తంత తీసి కొత్త పాత్రలో వేస్తే మళ్లీ పెరుగుతాయి. ఆ తోడు ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తూనే ఉంది.

మన పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతుంటుంది. పాత కణాలు రాలిపోవాలి, కొత్తవి పుట్టాలి. ఎన్ని పుట్టాలో చెప్పే బ్రేకుల్లాంటి జన్యువులుంటాయి. వాటిలో ముఖ్యమైనది ఏపీసీ. అది పాడైతే బీటా-కాటెనిన్ అనే ప్రొటీన్ కణంలో పేరుకుపోయి 'విభజించు... విభజించు' అని అదేపనిగా ఆదేశాలిస్తుంది. అలా మొదట ఓ చిన్న బుడిపె లేస్తుంది. దాన్నే పాలిప్ అంటారు. ఆ తర్వాత మరికొన్ని జన్యువులూ దెబ్బతింటే బుడిపె కాస్తా క్యాన్సర్ అవుతుంది. ఇలా మెట్టు మెట్టుగా జరుగుతుందని ఫియరన్, వోగెల్‌స్టీన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1990లో వివరించారు. ఇదంతా జరగడానికి సాధారణంగా పదేళ్లో, అంతకన్నా ఎక్కువో పడుతుంది.

గాజు గిన్నెలో క్వెర్సెటిన్ పోస్తే ఏమవుతుంది? కణాల విభజన నెమ్మదిస్తుంది. బీటా-కాటెనిన్ పంపే ఆదేశాల జోరు తగ్గుతుంది. చివరికి కణం తనను తాను చంపుకుంటుంది. ఈ ఆత్మహత్యనే అపోప్టోసిస్ అంటారు. దెబ్బతిన్న కణాలను వదిలించుకోవడానికి శరీరం పెట్టుకున్న ఏర్పాటది. క్యాన్సర్ కణాలు దాన్ని ఎగ్గొట్టి బతుకుతుంటాయి. క్వెర్సెటిన్, అపిజెనిన్, గ్రీన్ టీలోని ఈజీసీజీ లాంటివి గిన్నెలో ఆ ఏర్పాటును మళ్లీ తట్టి లేపుతాయి.

వింటుంటే ఎంత బాగుందో కదా! నాకూ అప్పుడలాగే అనిపించింది. అందుకే రాసేశాను.

లెక్క తప్పింది ఎక్కడ?

మా బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు. ఆదివారం మధ్యాహ్నం వాలుకుర్చీలో పడుకుని ఇదంతా విన్నాడు. నీరసంగా ఉన్నా, సరిగ్గా అడగాల్సిందే అడిగాడు.

"గిన్నెలో ఎంత పోశారు? ఉల్లిపాయ తింటే ఒంట్లోకి ఎంత వస్తుంది? అది చెప్పు ముందు."

చెప్పాను. గిన్నెల్లో కణాలు చచ్చేది మామూలుగా 10 నుంచి 100 మైక్రోమోల్ గాఢత ఉన్నప్పుడు. మనం ఉల్లిపాయలు బాగా వేసిన కూర తిన్నాక రక్తంలో కనిపించేది సాధారణంగా ఒక్క మైక్రోమోల్ కూడా ఉండదు. గిన్నెలో 50 ఉంటే ఒంట్లో ఒకటి.

బాబాయి నవ్వాడు. "అంటే రెండు మార్కులొచ్చిన కుర్రాడికి నూటికి నూరు వేశావన్నమాట!"

అక్కడితో అయిపోలేదు. ఆ ఒక్కటి కూడా ఉల్లిలో ఉన్న రూపంలో ఉండదు. పేగు గోడ, కాలేయం కలిసి దానికి వేరే అణువులు తగిలించి, ఒంట్లోంచి తొందరగా పంపేసేలా మార్చేస్తాయి. గిన్నెలో పోసే శుద్ధమైన క్వెర్సెటిన్ రక్తంలో దాదాపుగా ఉండదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. కణాలు పెరగడానికి గిన్నెలో పోసే ద్రవంలో ఈ ఫ్లేవనాయిడ్లు కలిస్తే, వాటంతటవే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టించగలవని బారీ హాలివెల్ బృందం 2000లో చూపింది. అది కణాలకు విషం. అంటే కొన్ని ప్రయోగాల్లో కణాలను చంపింది ఉల్లి గుణమో, గిన్నెలో పుట్టిన పెరాక్సైడో విడదీసి చూడాల్సిందే.

"రక్తం సంగతి సరే, ఉల్లి పేగులోంచే పోతుందిగా? అక్కడ తగలదా?" అన్నాడు బాబాయి.

మంచి ప్రశ్న. పెద్దపేగు మీద శాస్త్రవేత్తలకు ఆశ పోకపోవడానికి కారణం కూడా అదే. 1995లో నెదర్లాండ్స్‌లో ఓ ప్రయోగం చేశారు. జబ్బుల వల్ల పెద్దపేగు తీసేసి, పొట్ట మీద సంచి పెట్టుకున్న తొమ్మిది మంది అందుకు ముందుకొచ్చారు. వాళ్లకు వేయించిన ఉల్లి పెట్టి, సంచిలోకి ఎంత వచ్చిందో కొలిచారు. ఉల్లిలోని క్వెర్సెటిన్‌లో 52 శాతం చిన్నపేగు పీల్చుకుంది. మిగతా సగం? అదే మనలాంటివాళ్లకైతే పెద్దపేగులోకి వెళుతుంది. కానీ అక్కడ కోటానుకోట్ల బ్యాక్టీరియా కాచుకుని ఉంటాయి. అవి దాన్ని ముక్కలు ముక్కలు చేసి చిన్న చిన్న ఆమ్లాలుగా మార్చేస్తాయి. ఆ ముక్కలేం చేస్తాయన్నదే ఇప్పుడు పరిశోధకులు పట్టుకున్న దారి.

ఎలుకలు ఒకమాట, మనుషులు ఒకమాట

గిన్నె దాటి జంతువుల దాకా వస్తే కథ ఇంకా చిక్కుపడింది. 1991లో వచ్చిన ఓ పరిశోధనలో క్వెర్సెటిన్ తిన్న చిట్టెలుకల్లో పెద్దపేగు కణితులు తగ్గాయి. 1996లో మరో బృందం ఎలుకలకు పెట్టి చూస్తే తగ్గడం మాట అటుంచి, పెరిగాయి!

మరి మనుషుల్లో? ఇక్కడ మన వంటింటి పసుపు కూడా కథలోకి వస్తుంది. వంశపారంపర్యంగా పెద్దపేగు నిండా వందల కొద్దీ పాలిప్స్ వచ్చే జబ్బొకటుంది. దానికి కారణం ఇందాక చెప్పుకున్న ఏపీసీ జన్యువే. అలాంటి ఐదుగురికి పసుపులోని కర్క్యుమిన్, ఉల్లిలోని క్వెర్సెటిన్ కలిపి ఆరు నెలలు ఇచ్చారు. పాలిప్స్ సంఖ్య సగటున 60 శాతం, సైజు 50 శాతం తగ్గాయి. 2006లో ఈ ఫలితం వచ్చినప్పుడు అందరూ సంబరపడ్డారు. అయితే వాళ్లు ఐదుగురే. పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లు లేరు. అదే పరిశోధకురాలు, మార్షా క్రూజ్-కొరియా, పట్టు వదలకుండా ఇంకా పెద్ద పరీక్ష పెట్టారు. ఈసారి 44 మంది. కొందరికి రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్ మాత్రమే, కొందరికి ఉత్తుత్తి మాత్రలు. ఏడాది పాటు. 2018లో ఫలితం చెప్పారు. రెండు జట్లకూ తేడా లేదు.

తన ఆశ తప్పిందని తనే పరీక్షించి, తనే చెప్పడం... సైన్స్‌లో నాకు బాగా నచ్చింది అదే.

జర్మనీలో పాలిప్స్ తీయించుకున్న దాదాపు 880 మందితో గ్రీన్ టీ సారం మీద పరీక్ష చేశారు. మూడేళ్లు. 2022లో లెక్క తేలింది. గ్రీన్ టీ జట్టులో 51 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రల జట్టులో 56 శాతం మందికి బుడిపెలు మళ్లీ వచ్చాయి. ఆ కాస్త తేడా కాకతాళీయం కూడా కావచ్చని గణాంకాలు చెప్పాయి. అమెరికాలో లక్షమందికి పైగా నర్సులు, ఇతర ఆరోగ్య ఉద్యోగుల ఆహారాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2016లో వచ్చింది. ఫ్లేవనాయిడ్లు ఎక్కువ తిన్నవాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ తక్కువేమీ రాలేదు. ఒక్క ఊరట ఏమిటంటే, పాలిప్స్ మళ్లీ రావడంపై 2008లో వచ్చిన ఓ అమెరికా అధ్యయనంలో, ఉల్లి రకం ఫ్లేవనాయిడ్లు బాగా తిన్నవాళ్లలో ముదిరిన పాలిప్స్ తక్కువగా కనిపించాయి. కానీ వాళ్లు తిన్నది మాత్రలు కాదు... భోజనం!

మొక్కలు మందులివ్వవా?

"అయితే చెట్టూ చేమా దండగేనంటావా?" పిన్నికి కోపం వచ్చింది.

కానేకాదు. పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే ఐరినోటెకాన్ అనే కీమో మందు మూలం ఓ చైనా చెట్టు. దాని సారం నుంచి క్యాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని 1966లో విడదీసిన ఇద్దరిలో ఒకరు మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణి. అయితే అది ఫ్లేవనాయిడ్ కాదు. పైగా ఆ సారాన్ని అలాగే తాగించలేదు. నేరుగా ఇచ్చి చూస్తే దుష్ఫలితాలు భరించలేనివయ్యాయి. అణువును మార్చి, మోతాదు తేల్చి, మనుషుల మీద పరీక్షించి అమెరికాలో మందుగా తెచ్చేసరికి 1996 వచ్చింది. ముప్ఫై ఏళ్లు!

చెట్టుకీ మందుకీ మధ్య ఉన్న ఆ ముప్ఫై ఏళ్లనే నా ఎనిమిది లైన్లు ఎగరగొట్టేశాయి.

ఇంతలో పిన్ని బీరువాలోంచి ఓ సీసా తెచ్చింది. పక్కింటివాళ్లబ్బాయి అమెరికా నుంచి పంపిన క్వెర్సెటిన్ క్యాప్సూళ్లు. ఇంకా మూత తీయలేదు, నయం. కూరలో ఉల్లి వేరు, సీసాలోని గాఢమైన సారం వేరు. ఒంట్లో మందులు కరిగే తీరును ఇలాంటివి మార్చే వీలుంది. అందుకే కీమో నడుస్తున్నప్పుడు అడక్కుండా ఏ సప్లిమెంటూ వాడొద్దని క్యాన్సర్ డాక్టర్లు చెబుతారు. గ్రీన్ టీనే తీసుకోండి. కప్పులో తాగితే పేచీ లేదు. కానీ సప్లిమెంట్ల రూపంలో ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన పుచ్చుకుంటే కాలేయం దెబ్బతింటున్న సూచనలున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

మరి ఏం చేయాలి?

ఉల్లి మానేయాలా? అక్కర్లేదు. పులుసులో వేసుకోండి, పెరుగులో కలుపుకోండి. గోంగూర, మునగాకు, వంకాయ, నేరేడు... అన్నీ తినండి. వీటిలో ఫ్లేవనాయిడ్లతో పాటు పీచు ఉంటుంది. కూరగాయలు, ఆకుకూరలు కలిపి రోజుకు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మన కంచంలో అన్నం గుట్టంత, కూర గోరంత! మార్చాల్సింది అదీ. సాసేజ్, బేకన్ లాంటి నిల్వ మాంసాలు పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో తేల్చి చెప్పింది. పొగ, మద్యం సంగతి సరేసరి.

బాబాయి లాంటివాళ్ల కోసం ఇంకో మంచి కబురుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో ముగిసిన 889 మందిపై జరిగిన అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. సగం మందికి వ్యాయామంపై పుస్తకాలు మాత్రమే ఇచ్చారు. మిగతా సగానికి శిక్షకుణ్ని పెట్టి మూడేళ్లు వ్యాయామం చేయించారు. చాలామంది చేసింది చురుగ్గా నడవడమే. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే పుస్తకాల జట్టులో 83 శాతం, వ్యాయామం జట్టులో 90 శాతం మంది బతికి ఉన్నారు. గిన్నెలో కాదు, ఎలుకల్లో కాదు... మనుషుల్లో!

అన్నిటికన్నా ముఖ్యమైంది వేరే ఉంది. బాబాయికి రక్తం పడటం మొదలై ఎనిమిది నెలలు. మొలలనుకున్నాడు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. పథ్యం చేశాడు, లేపనం రాసుకున్నాడు. ఆ ఎనిమిది నెలలే మాకిప్పుడు ముల్లులా గుచ్చుకుంటున్నాయి. బుడిపె దశలోనే కొలనోస్కోపీలో కనిపిస్తే అక్కడికక్కడే తీసేయొచ్చు. క్యాన్సర్ దాకా రానే రాదు. 1993లో వచ్చిన అమెరికా జాతీయ పాలిప్ అధ్యయనం ప్రకారం అలా తీయించుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ రావడం 76 నుంచి 90 శాతం దాకా తగ్గింది. ఏ ఫ్లేవనాయిడూ ఇప్పటిదాకా దీని దరిదాపుల్లోకి రాలేదు.

సాయంత్రం బస్సుకి బయల్దేరుతుంటే బాబాయి వీధి చివరిదాకా వచ్చాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. "ఆ నాలుగూ ఎక్కించుకుంటాన్లే. నువ్వు మాత్రం తప్పు మార్కులు దిద్దెయ్" అన్నాడు.

దిద్దాను బాబాయ్. అప్పుడు ఎనిమిది లైన్లు. ఇప్పుడు పేజీ నిండా.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

- మలంలో రక్తం పడటం, మలం నల్లగా రావడం. మొలలే అని మీకు మీరే తేల్చేసుకోవద్దు.
- కొన్ని వారాలుగా మలబద్ధకమో, విరేచనాలో... అలవాటు మారిపోవడం.
- కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, విడవని నీరసం.
- తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, లక్షణాలేవీ లేకున్నా పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్ని అడగండి.
- కీమో మధ్యలో పసరైనా, పొడైనా, క్యాప్సూలైనా... డాక్టరుకు చెప్పాకే.